నాలుగు కిలోమీటర్ల మంచు కింద కనిపిస్తుంది, నాలుగు వందల మీటర్ల దగ్గర తడబాటు

హిమాలయాల్లో మంచు ఎంతుంది? 2019లో వచ్చిన ఒక లెక్క, ఆసియా ఎత్తైన పర్వతాల హిమానీనదాల్లో అప్పటిదాకా అనుకున్నదానికంటే 27 శాతం తక్కువ మంచు ఉందని చెప్పింది. మూడేళ్లకు, 2022లో, ఇంకో లెక్క వచ్చింది. హిమాలయాల్లో పాత అంచనాకంటే 37 శాతం ఎక్కువే ఉందని అది తేల్చింది. రెండూ ‘నేచర్ జియోసైన్స్’ పత్రికలోనే అచ్చయ్యాయి. రెండు బృందాలూ తీసుకున్న ప్రాంతపు హద్దులు సరిగ్గా ఒకటి కావు, కాబట్టి ఈ రెండు శాతాలనూ పక్కపక్కన పెట్టి కూడికలు తీసివేతలు చేయకూడదు. అయినా కళ్లెదుట ఉన్న కొండల మీది సరుకు మూడేళ్లలో ఇంతగా అటూ ఇటూ ఊగిందంటే, అది తూకం వేసి చెప్పిన లెక్క కాదు, చేత్తో ఎత్తి చూసి చెప్పిన అంచనా అన్నమాట.

మనుషులు స్థిరంగా బతకని అంటార్కిటికా సంగతి ఇలా లేదు. మంచునూ దాని అడుగునున్న నేలనూ చూపే, 2025లో ప్రచురితమైన ‘బెడ్‌మ్యాప్3’ పటం ప్రకారం ఆ ఖండం మీది మంచు సుమారు 2.7 కోట్ల ఘన కిలోమీటర్లు. సగటు మందం రెండు కిలోమీటర్లకు కాస్త తక్కువ. అన్నిటికంటే మందమైన చోటు తూర్పున విల్క్స్ లాండ్‌లో, ఇంకా పేరైనా పెట్టని ఒక లోయలో ఉంది: 4,757 మీటర్లు. పేరు లేని లోయకు మీటర్లలో లోతు తెలుసు, పేరూ పురాణమూ ఉన్న హిమాలయ హిమానీనదాల్లో చాలావాటికి తెలియదు. రెండుచోట్లా కొలిచే సాధనం ఒకటే, రేడియో తరంగం. అక్కడ పనిచేసేది ఇక్కడెందుకు మొరాయిస్తోందన్నదే అసలు ప్రశ్న.

పద్ధతి వినడానికి చాలా సులువు. పాడుబడ్డ నుయ్యి ఎంత లోతో తెలియనప్పుడు రాయి జారవిడిచి, చప్పుడు వినిపించేదాకా లెక్కపెడతారు. ఇక్కడ రాయి బదులు ఒక చిన్న రేడియో స్పందన, అంటే క్షణకాలం పంపే తరంగం. దాన్ని మంచులోకి పంపితే అడుగునున్న రాతికి తగిలి తిరిగొస్తుంది. పోయి రావడానికి పట్టిన కాలం కొలిచి, వేగంతో గుణించి, సగం చేస్తే మందం. గాలిలో మైక్రోసెకనుకు 300 మీటర్లు పరుగెత్తే రేడియో తరంగం మంచుగడ్డలో 168 మీటర్లే పోతుంది. ఆ లెక్కన విల్క్స్ లాండ్ లోయ అడుగు నుంచి ప్రతిధ్వని రావడానికి 57 మైక్రోసెకన్లు చాలు. 270 మీటర్ల హిమానీనదం నుంచైతే మూడు మైక్రోసెకన్ల పైచిలుకు. కాలం కొలతలో మైక్రోసెకనులో పదో వంతు తేడా వస్తే మందంలో ఎనిమిది మీటర్లు తప్పుతుంది.

తెలుగులో మంచు అన్న మాటకు మోయలేనంత బరువుంది. తెల్లారి గడ్డి మీద మెరిసేదీ మంచే, దారి కనబడనివ్వకుండా కమ్ముకునేదీ మంచే, ఫ్రిజ్‌లో గడ్డకట్టేదీ మంచే. రేడియో తరంగానికి మాత్రం ఇవన్నీ ఒకటి కావు. కొత్తగా కురిసిన మంచులో గాలి ఎక్కువ కాబట్టి తరంగం వేగంగా పోతుంది. కింది పొరల్లో అణగారి గడ్డకట్టినకొద్దీ నెమ్మదిస్తుంది. అంటార్కిటికాలో పైనున్న ఈ గుల్ల పొర కోసం మందానికి పది మీటర్ల వరకు సవరణ కలుపుతారు. నాలుగు కిలోమీటర్లలో పది మీటర్లు పెద్ద లెక్క కాదు.

ఈ సాధనం పుట్టుకే ఒక పొరపాటులోంచి వచ్చింది. మంచు పీఠభూముల మీద ఎగిరే విమానాల్లో రేడియో ఆల్టిమీటర్లు తప్పు ఎత్తు చూపించేవి. కింద మంచు ఉపరితలం దగ్గరగానే ఉన్నా, తరంగం దాన్ని దాటి లోపలికి వెళ్లి అడుగు రాతిని తాకి వచ్చేది. పైలట్‌కు తాను చాలా ఎత్తున ఉన్నాననిపించేది, అది ప్రాణాంతకమైన భ్రమ. అమెరికా సైన్యపు సిగ్నల్ విభాగంలో పనిచేసిన అమోరీ వెయిట్ దీన్ని తిరగేసి చూశాడు. 1933-35లో రిచర్డ్ బర్డ్ యాత్రతో అంటార్కిటికాలో గడిపిన రేడియో నిపుణుడాయన. మంచు రేడియోకు అడ్డు కాకపోతే, ఆ తప్పునే కొలతగా వాడుకోవచ్చు కదా అని 1950ల చివర్లో ప్రయోగాలు చేసి చూపించాడు. ఆ పనికోసమే ప్రత్యేకంగా పరికరం తయారుచేసినది కేంబ్రిడ్జిలోని స్కాట్ పోలార్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన స్టాన్లీ ఎవాన్స్. 1963 నాటి ఆ యంత్రం 35 మెగాహెర్ట్జ్ మీద పనిచేసింది.

అంతకుముందు మందం కొలవాలంటే కష్టమంతా చేతులదే. 1840ల్లో లూయీ అగాసీ ఆల్ప్స్‌లోని ఉంటరార్ హిమానీనదంలో తొలిచి తొలిచి అరవై మీటర్లు దిగాడు, అడుగు మాత్రం అందలేదు. 1920ల నుంచి మందుగుండు పేల్చి, భూకంప తరంగాల ప్రతిధ్వని వినే పద్ధతి వచ్చింది. అది నమ్మకమైనదే, కానీ ఒక్కొక్క చోటా గొయ్యి తవ్వాలి, పేల్చాలి, తీగలు చుట్టుకుని ఇంకోచోటికి నడవాలి. విమానంలోంచి రేడియో స్పందనలు పంపడం మొదలయ్యాక చుక్కలు గీతలయ్యాయి, గీతలు వలగా మారాయి. 1967 నుంచి 1979 వరకు బ్రిటిష్, అమెరికన్, డేనిష్ బృందాలు కలిసి అంటార్కిటికా మీద దాదాపు నాలుగు లక్షల కిలోమీటర్ల మేర ఇలా ఎగిరాయి. కంప్యూటర్లలో నిలవచేసే రోజులు కావవి. ప్రతిధ్వనులను ఓసిల్లోస్కోపు తెర మీంచి 35 మిల్లీమీటర్ల ఫిల్ము మీదికి ఎక్కించారు.

ఆ ఫిల్ముల్లో కొన్నిచోట్ల అడుగు ప్రతిధ్వని ఎగుడుదిగుడుగా కాక, గీసిన గీతలా చదునుగా, ప్రకాశవంతంగా ఉంది. రాయికీ మంచుకీ విద్యుత్ లక్షణాల్లో తేడా ఓ మాదిరే. నీటికీ మంచుకీ తేడా మాత్రం చాలా ఎక్కువ, అందుకే నీళ్లు అద్దంలా మెరుస్తాయి. అలా 1970ల తొలినాళ్లలో మంచు కింద సరస్సులున్నాయని బయటపడింది. వాటిలో పెద్దదైన వోస్తోక్ సరస్సు అసలు ఆకారం 1996లో తేలింది: సుమారు 250 కిలోమీటర్ల పొడవు, 50 కిలోమీటర్ల వెడల్పు, పైన నాలుగు కిలోమీటర్ల మంచు కప్పు.

పాత ఫిల్ముకు ఇంకో ఉపయోగం కూడా ఆలస్యంగా కనిపించింది. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు వాటిని డిజిటల్‌లోకి మార్చి, కొత్త కొలతల పక్కన పెట్టి 2019లో ఫలితాలు ప్రకటించారు. పశ్చిమ అంటార్కిటికాలోని థ్వైట్స్ హిమానీనదం తూర్పు భాగంలో సముద్రం మీద తేలే మంచు పలక, 1978-2009 మధ్య చోటును బట్టి 10 నుంచి 33 శాతం పలచబడింది. అక్కడి మంచును ఉపగ్రహాలు కొలవని కాలపు మందానికి ఇది విలువైన సాక్ష్యం.

ఇంత ఘనత ఉన్న పద్ధతి హిమాలయానికి వచ్చేసరికి చతికిలపడుతుంది. ఎత్తూ, చలీ, గాలీ కారణమనుకుంటాం. ఎముకలు కొరికే చలి రేడియోకు శత్రువు కాదు, మిత్రుడు. మంచు ఎంత చల్లగా ఉంటే తరంగం అంత దూరం పోతుంది. తూర్పు అంటార్కిటికా పీఠభూమి మీద సగటు ఉష్ణోగ్రత మైనస్ 50 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. ఆ మంచు రేడియోకు దాదాపు గాజు. పర్వత హిమానీనదాల్లో, ముఖ్యంగా కిందిభాగాల్లో, మంచు సున్నా డిగ్రీల అంచున ఉంటుంది. కరుగుతూ, గడ్డకడుతూ, లోపల సన్నని కాలువలూ నీటి బుడగలూ మోసుకుంటూ కిందికి జారుతుంటుంది.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. వెచ్చటి మంచు తరంగాన్ని పీల్చేస్తుంది, అందుకే అడుగు కనబడదు అని తరచుగా రాస్తారు. అది సగం నిజం. రెండు మూడు వందల మీటర్ల మందంలో పీల్చుకోవడం వల్ల పోయే శక్తి తట్టుకోలేనంత కాదు. అసలు చేటు చెదరడంలో ఉంది. లోపలున్న ప్రతి నీటి గుంట ఒక చిన్న అద్దం, ప్రతిదీ తన వంతు ప్రతిధ్వని పంపిస్తుంది. అడుగు నుంచి వచ్చే బలహీనమైన శబ్దం ఈ రొదలో మునిగిపోతుంది. సంతలో ఎవరో దూరంనుంచి పేరు పెట్టి పిలిస్తే వినిపించదు. గొంతు చిన్నదై కాదు, చుట్టూ అరుపులు ఎక్కువై.

విరుగుడు 1970ల్లోనే తెలిసింది: పౌనఃపున్యం, అంటే తరంగం సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్క, తగ్గించాలి. తరంగదైర్ఘ్యం నీటి గుంటల పరిమాణం కంటే బాగా పెద్దదైతే తరంగం వాటిని పట్టించుకోకుండా దాటిపోతుంది. 60 మెగాహెర్ట్జ్ దగ్గర మంచులో తరంగం పొడవు మూడు మీటర్లలోపు, 5 మెగాహెర్ట్జ్ దగ్గర 33 మీటర్ల పైన. అందుకే పర్వత హిమానీనదాల మీద ఒకటి నుంచి పది మెగాహెర్ట్జ్ మధ్య పనిచేస్తారు. దానికి చెల్లించే మూల్యం యాంటెన్నా. తరంగం పొడవైతే యాంటెన్నా కూడా పొడవు కావాలి. పదుల మీటర్ల తీగను మంచు మీద పరిచి, ఒక చివర పంపే యంత్రం, ఇంకో చివర వినే యంత్రం లాక్కుంటూ, అయిదు వేల మీటర్ల ఎత్తున, చీలికలు తప్పించుకుంటూ మనుషులు నడవాలి. పైగా అంత పొడవైన తరంగం చిన్న వివరాలను చెరిపేస్తుంది. అడుగు ఎక్కడుందో చెబుతుంది, ఎలా ఉందో సరిగా చెప్పదు.

హిమాచల్ ప్రదేశ్‌లో చంద్రా నది లోయలోని ఛోటా శిగ్రి మీద జేఎన్‌యూ, ఫ్రాన్స్ పరిశోధకులు ఇలాగే కొలిచారు. 2012లో వాళ్లు ప్రచురించిన ఫలితాల ప్రకారం, సముద్రమట్టానికి 4,400 మీటర్ల ఎత్తున హిమానీనదం నడిమధ్యలో మంచు 124 మీటర్లు. పైకి పోయి 4,900 మీటర్ల దగ్గరికొస్తే 270 మీటర్లు. అదే పరిశోధనలో 2002-2010 మధ్య ఆ హిమానీనదం మొత్తంగా ఏటా సగటున 0.67 మీటర్ల నీటికి సమానమైన మంచు కోల్పోయిందని తేలింది. ఈ రెండు రకాల అంకెలూ పక్కపక్కన ఉంటేనే ఆదాయ వ్యయాల చిట్టా పూర్తవుతుంది. ఖర్చు ఉపగ్రహాలు చెబుతాయి, నిలవ ఎంతో రాడారే, అంటే ఈ రేడియో తరంగపు సాధనమే, చెప్పాలి. మన దేశంలో ఇలా రెండు పేజీలూ నిండిన హిమానీనదాలు చాలా తక్కువ.

లోయ ఆకారం తెచ్చే చిక్కు ఇంకోరకం. యాంటెన్నా టార్చిలైటులా సూటిగా కిందికి చూడదు, చుట్టూ చూస్తుంది. ముందుగా వచ్చే ప్రతిధ్వని దగ్గరున్న దాన్నుంచి వస్తుంది, అది అడుగే కానక్కర్లేదు. ఇరుకైన లోయలో పక్కగోడ అడుగుకంటే దగ్గర. కనుక తెర మీద కనిపించే ‘అడుగు’ నిజానికి గోడ కావచ్చు, అప్పుడు మందం తక్కువగా లెక్కకొస్తుంది. గణితంతో కొంత సరిచేస్తారు, పూర్తిగా కాదు. ఇందులో అంటార్కిటికాకూ మినహాయింపు లేదు. డెన్మన్ హిమానీనదం కింది లోయ సముద్రమట్టానికి 3,500 మీటర్ల దిగువన ఉందని 2019లో చెప్పింది నేరుగా రాడార్ కాదు. ఎంత మంచు లోపలికి వస్తోందో, ఎంత వేగంతో బయటికి పోతోందో చూసి, ఆ వేగంతో అంత మంచు పోవాలంటే లోయ ఎంత లోతుండాలో లెక్క కట్టారు.

హిమాలయాల్లో చాలా హిమానీనదాల మీద రాళ్లూ మట్టీ దుప్పటిలా కప్పుకుని ఉంటాయి. గంగోత్రి, ఖుంబు రెండూ అలాంటివే. కిందిభాగంలో నడిస్తే కాళ్ల కింద మంచుందని ఎవరైనా చెబితే తప్ప తెలియదు. ఇళ్లంత బండల మధ్య తీగ పరిచి లాగడమే ఒక సాహసం. అయినా ఎవరెస్టు దిగువన ఖుంబు మీద 1999లో ఆ పని జరిగింది. బేస్ క్యాంపుకు దగ్గర్లో మంచు 440 మీటర్ల దాకా ఉంది. దిగువకు వస్తూ వస్తూ, హిమానీనదం అంచుకు రెండు కిలోమీటర్ల ఎగువన ఇరవై మీటర్లకంటే తక్కువకు పడిపోయింది. పైకి చూస్తే ఇక్కడా అక్కడా అవే రాళ్లు.

ఇవన్నీ ప్రకృతి పెట్టిన అడ్డంకులు. మనుషులు పెట్టినవీ ఉన్నాయి. హిమాలయ, కారకోరం శిఖరాల్లో చాలా భాగం సరిహద్దుల వెంబడే ఉంది. సియాచిన్ మీద సైన్యాలు ఎదురెదురుగా కూర్చున్నాయి. రేడియో పరికరాలతో విమానం ఎగరేసి గీతలు గీసుకుంటూ పోయే వీలు అంటార్కిటికాలో 1959 నాటి ఒప్పందం వల్ల దొరికింది. ఆ ఖండం మీద ఎవరి హక్కూ తేలలేదు కాబట్టి అందరి రాడార్లూ ఎగిరాయి. ఇక్కడ అందరి హక్కులూ గట్టిగా ఉన్నాయి కాబట్టి ఎవరి రాడారూ అంత స్వేచ్ఛగా ఎగరదు. భౌతికశాస్త్రం కంటే ఇదే పెద్ద కారణం కావచ్చు.

ప్రపంచంలో రెండు లక్షలకు పైగా హిమానీనదాలున్నాయి. మందం కొలతలను ఒకచోట చేర్చే అంతర్జాతీయ గణాంక నిధిలో వాటిలో మూడు వేల వరకు మాత్రమే చోటు దొరికింది. మిగతావాటి మందం ఎలా చెబుతున్నారు? ఉపరితలం చూసి, లోపలిది ఊహించి. మంచు తన బరువుకు తానే వంగి ప్రవహిస్తుంది. వాలు ఒకటే అయితే, ఆ వంపు వల్ల వచ్చే ఉపరితల వేగం మందం నాలుగో ఘాతంతో పెరుగుతుంది. మందం రెట్టింపైతే వేగం పదహారు రెట్లు. కాబట్టి వేగం, వాలు తెలిస్తే వెనక్కి లెక్క కట్టి మందం చెప్పొచ్చు. 2022 నాటి అంచనా ఈ దారినే పోయింది. ఉపగ్రహ చిత్రాల లక్షల జతలను పోల్చి, ప్రపంచంలోని దాదాపు అన్ని హిమానీనదాల వేగాన్నీ కొలిచి, మందం రాబట్టింది.

ఇక్కడే ఒక మెలిక. హిమానీనదం వంగడమే కాదు, అడుగున నీళ్లుంటే రాతి మీద జారుతుంది కూడా. పైనుంచి చూస్తే రెండూ కలిసిన వేగమే కనిపిస్తుంది. వేగంలో సగం జారడం వల్లే వస్తోందనుకుందాం. అది గమనించకుండా మొత్తం వంపు ఖాతాలోనే వేస్తే మందం దాదాపు 19 శాతం ఎక్కువగా తేలుతుంది. జారుడు వాటా ఎంతో చెప్పాలంటే అడుగు తెలియాలి, అడుగు తెలియాలంటే రాడార్ కావాలి. రాడార్‌ను గుడ్డిదాన్ని చేసిన నీళ్లే, రాడార్ లేకుండా వేసే లెక్కనూ చెడగొడుతున్నాయి. మొదట్లో చెప్పిన ఆ 27, 37 శాతాల ఊగిసలాటలో శాస్త్రవేత్తల తప్పు వెతకడం అనవసరం. లెక్క సరిచూసుకోవడానికి కావలసిన కొలతలే చేతిలో చాలినన్ని లేవు.

2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నైసార్ ఉపగ్రహం గురించి ఒక అపోహ తొలగాలి. పేరులో రాడార్ ఉంది కాబట్టి హిమాలయ మంచు లోతు అది కొలిచేస్తుందని అనుకోవచ్చు. కొలవదు. నాసా, ఇస్రో కలిసి చేసిన ఆ ఉపగ్రహం వాడే తరంగాల పొడవు సెంటీమీటర్లలో ఉంటుంది. పన్నెండు రోజులకోసారి అదే చోటికి వచ్చి ఉపరితలం ఎంత కదిలిందో అద్భుతంగా చెబుతుంది. అంటే వేగం లెక్క మెరుగవుతుంది, జారుడు వాటా గుట్టు మాత్రం అలాగే ఉంటుంది.

మందం తెలియడం ఎవరికి కావాలన్నది కూడా స్పష్టంగా చెప్పుకోవాలి. గోదావరి, కృష్ణలు వానల మీద ఆధారపడ్డ నదులు, హిమాలయ మంచు కరిగినా కరగకపోయినా వాటి ప్రవాహానికి నేరుగా సంబంధం లేదు. సింధు, ఎగువ గంగ, బ్రహ్మపుత్ర లోయల సంగతి వేరు. ముఖ్యంగా సింధు పరీవాహకంలో ఎండాకాలపు నీళ్లలో హిమానీనదాల వాటా పెద్దది. కరుగు నీళ్లు కొన్నేళ్లు పెరుగుతూ పోయి, ఒక శిఖరం తాకి, తర్వాత తగ్గడం మొదలవుతాయి. ఆ మలుపు ఎప్పుడన్నది నిలవ మీద ఆధారపడుతుంది. 2019 నాటి లెక్క ప్రకారం మంచు తక్కువ ఉందనుకున్నందుకే, ఆసియా పర్వతాలు ఇప్పటి హిమానీనద విస్తీర్ణంలో సగం కోల్పోయే గడువు సుమారు పదేళ్లు ముందే వచ్చేస్తుందని తేలింది. ఒక ఆనకట్ట ఆయుష్షు లెక్కలో పదేళ్లు చిన్న తేడా కాదు.

రెండో అవసరం ఇంకా తక్షణమైనది. మంచు అడుగున గిన్నెలాంటి గుంటలుంటాయి. పైమంచు కరిగి వెనక్కి తగ్గాక అవే సరస్సులవుతాయి. సిక్కింలో దక్షిణ లొనాక్ సరస్సు 2023 అక్టోబరులో గండిపడి, తీస్తా మీది చుంగ్‌థాంగ్ ఆనకట్టను కొట్టుకుపోయింది. ఇప్పటికే ఉన్న హిమానీనద సరస్సులను హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉపగ్రహ చిత్రాలతో నదుల వారీగా పటాలకెక్కించింది. రేపు ఎక్కడ పుడతాయో, ఎంత నీళ్లు పట్టగలవో తెలియాలంటే అడుగు పటం కావాలి. అది పైనుంచి తీసిన ఫొటోలో ఉండదు.

అంగారకుడి ధ్రువాల మంచును మాత్రం కక్ష్యలోంచే కొలిచారు. యూరప్ పంపిన మార్స్ ఎక్స్‌ప్రెస్‌లోని రాడార్, దక్షిణ ధ్రువం దగ్గర మంచు పొరలు 3.7 కిలోమీటర్ల దాకా మందం ఉన్నాయని 2007లో తేల్చింది. అక్కడికి సాధ్యమైనది ఇక్కడెందుకు కాదు? తక్కువ పౌనఃపున్యపు తరంగాలను భూమి అయనోమండలం, అంటే వాతావరణం పైభాగంలో విద్యుదావేశం ఉన్న పొర, వక్రీకరిస్తుంది, కొన్నిటిని అసలు దాటనివ్వదు. పైగా ఆ పౌనఃపున్యాలన్నీ భూమి మీద ఇతరుల వాడకంలో కిక్కిరిసి ఉన్నాయి. ఇవి రెండూ ఎలాగో అధిగమించినా, కక్ష్యలోంచి అలాంటి రాడార్ ఒక్కసారి చూసే మేర కిలోమీటర్లలో ఉంటుంది. అంగారకుడి ధ్రువానికి అది సరిపోతుంది. కిలోమీటరు వెడల్పున్న హిమాలయ హిమానీనదం దానికి రెండు కొండల మధ్య మసకగా తప్పిపోతుంది.

అందుకే బ్రిటిష్ అంటార్కిటిక్ సర్వే వాళ్లు అంటార్కిటికా మంచు మీద లాగడానికి తయారుచేసిన తక్కువ పౌనఃపున్యపు రాడార్‌ను మార్చి, హెలికాప్టర్‌కు వేలాడదీసి, ఖుంబు ప్రాంతంలో పరీక్షించారు. 2020లో ఆ ఫలితాలు ప్రచురితమయ్యాయి. బండల మీద రోజులతరబడి లాగాల్సిన దూరం గాల్లోంచి త్వరగా దాటొచ్చు, కాలు పెట్టలేని చీలికల మీదుగానూ పోవచ్చు. కానీ ఆ ఎత్తున గాలి పలచన, హెలికాప్టర్ రెక్కలకు పట్టు తక్కువ. యాంటెన్నా చట్రం బరువు కిలోల్లో లెక్కపెట్టుకోవాలి. మధ్యాహ్నానికల్లా లోయలో గాలి లేస్తే ఆనాటికి పని కట్టిపెట్టి, మర్నాడు పొద్దున గాలి నిలకడగా ఉందో లేదో చూసుకుని మళ్లీ బయల్దేరాలి.